ఎలపట టర్బో

ఢిల్లీ పక్క పాలం విహార్‌లోని ఆ నాలుగంతస్తుల ఇంటి దగ్గర ఎవరైనా "పాపా!" అని గట్టిగా పిలిస్తే ఇద్దరు తిరిగి చూస్తారు. ఒకరు భీమారావు, ఇంకొకరు ఆయన కూతురు హరిప్రియ. పిల్లేమో ఢిల్లీ కంటోన్మెంటులో పుట్టి పెరిగింది. తోటి పిల్లలు తండ్రుల్ని ఏమని పిలిస్తే తనూ అలాగే పిలిచింది. తండ్రేమో అద్దంకి పక్క పల్లెటూరి మనిషి, ఆడపిల్లను పాపా అనకుండా ఇంకేమంటాడు! ఆ పిల్ల గురుగ్రామ్ కంపెనీలో టీం లీడరై పదిమందికి పని పురమాయిస్తున్నా ఆయనకు పాపే. "మీ ఇద్దరిలో తండ్రెవరో బిడ్డెవరో నాకే అనుమానంగా ఉంటది" అంటుంది ఆయన భార్య ధనమ్మ. అప్పుడప్పుడు ఆ మాట నిజమే అనిపిస్తుంది కూడా.

భీమారావు సైన్యంలో వెహికల్ మెకానిక్. తుపాకీ పట్టింది తక్కువ, పానా పట్టింది ఎక్కువ. లేహ్‌లో చలికి బిగుసుకుపోయిన లారీలను, రాజస్థాన్ ఇసుకలో ఊపిరాడని జీపులను బతిమాలో బెదిరించో నడిపించాడు. నాయబ్ సుబేదారుగా రిటైరయ్యాక సాకేత్‌లో ఒక మాల్ దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాడు. పొద్దస్తమానం నిలబడి వచ్చేవాళ్ళ బ్యాగులు చూడటం ఆయన వల్ల కాలేదు. మానేసి ఇంట్లో కూర్చున్నాడు. ఇక చూస్కోండి, ఇంట్లో సామాన్లకు గడ్డుకాలం మొదలైంది. బాగానే తిరుగుతున్న ఫ్యాను విప్పాడు. గీజరు విప్పాడు. మిక్సీ విప్పి బిగించాక కొబ్బరి పచ్చడి గోడ మీద వాలింది. ధనమ్మ గరిటె పట్టుకొని, "ఏవయ్యా, నీ చేతికి దురద పుడితే గోక్కో. నా వంటింటి జోలికి మాత్రం రామాక" అని గడప దగ్గరే ఆపేసింది.

ఆయన కథలో చెప్పుకోవలసిన ముచ్చట ఇంకొకటుంది. సికింద్రాబాదులో రిక్రూటుగా చేరిన కొత్తల్లో భీమారావుకు హిందీ ముక్క రాదు. కుడి ఎడమలు కూడా అంత తొందరగా తట్టేవి కావు. పిల్లప్పుడు నాగలి పట్టాడు కాబట్టి ఆయనకు ముందు వచ్చినవి ఎలపట, దాపట. కాడికి కట్టిన ఎద్దుల్లో కుడివైపుది ఎలపట, ఎడమవైపుది దాపట. లోకంలో ఏ దిక్కైనా ఆయన బుర్రలో ముందు ఎద్దు, తర్వాతే మనిషి. పరేడ్ గ్రౌండులో డ్రిల్లు నేర్పే ఉస్తాదు "దాహినే ముడ్!" అని అరిచేవాడు. అంటే కుడికి తిరగమని. భీమారావు చెవిలో 'దా' పడగానే దాపట గుర్తొచ్చి చటుక్కున ఎడమకు తిరిగేవాడు. ప్లటూనంతా అటు, ఈయనొక్కడూ ఇటు. పక్కవాడి ముక్కూ ఈయన ముక్కూ గుద్దుకునేవి. ఉస్తాదు తలమీద రైఫిలెత్తించి గ్రౌండు చుట్టూ పరుగెత్తించి, "ఉల్టారావ్" అని పేరు కూడా పెట్టాడు.

తర్వాత హిందీ వచ్చింది, దిక్కులు కుదిరాయి. పాత అలవాటు ఒక్కటి మాత్రం పోలేదు. వర్క్‌షాపులో విప్పిన సామాన్ల మీద అందరూ ఇంగ్లీషులో గుర్తులు పెడితే, భీమారావు కుడివైపు దానిమీద 'ఎ' అని, ఎడమవైపు దానిమీద 'దా' అని రాసుకునేవాడు. "అందరికీ అర్థమయ్యేట్టు రాస్తే అందరూ చెయ్యి పెడతారు" అని ఆయన వాదన. వర్క్‌షాపులో తెలుగు చదవగలిగినవాళ్ళు వేరే లేరు కాబట్టి ఆ వాదనకు అక్కడ ఎదురులేకుండా పోయింది.

ఇక కారు సంగతి. హరిప్రియకు చిన్నప్పట్నుంచీ బండ్ల పిచ్చి. సైకిలు తండ్రే నేర్పాడు, స్కూటరు తండ్రే నేర్పాడు. కాలేజీలో చేరాక ఏది కావాలన్నా ఫోనులో వీడియోలు చూసి నేర్చుకోవడం మొదలుపెట్టింది. కారు నేర్పుదామని భీమారావు ఒకరోజు ఉత్సాహంగా తాళాలు తీస్తే, "ఆగయా పాపా, సీఖ్ లియా" అనేసింది. ఎప్పుడు నేర్చుకుందో ఆయనకు తెలియను కూడా తెలియదు. ఆ రోజు ఆయన నవ్వి ఊరుకున్నాడు గానీ మనసు చివుక్కుమంది. అప్పట్నుంచీ కూతురు ఆయన్ని ఏ సాయమూ అడగలేదు.

పోయిన ఏడాది ఒక పాత స్పోర్ట్స్ కారు తెచ్చి ఇంటికింద పెట్టింది. వెండి రంగు, రెండే తలుపులు. లోపల కూర్చుంటే చాప మీద కూర్చున్నట్టే, నేల అంత దగ్గర. ధనమ్మ చుట్టూ తిరిగి చూసి, "నలుగురు ఎక్కడానికి లేని బండి బండేందే? కూరగాయల సంచి యాడ పెట్టాలి?" అంది. హరిప్రియ నెలకొకసారి దాన్ని లారీ ఎక్కించి గ్రేటర్ నోయిడా రేసు ట్రాక్‌కు తీసుకెళ్ళి, తనలాంటి పిచ్చివాళ్ళ క్లబ్బుతో కలిసి తిప్పుకొని వచ్చేది. భీమారావుకు వెంట వెళ్ళాలని ఉండేది. రమ్మని ఆ పిల్ల అనలేదు, వస్తానని ఈయనా అనలేదు.

అలాంటిది జనవరిలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే, రెండు అట్టపెట్టెలు బల్లమీద పెట్టి, "పాపా, ఆప్ కే పాస్ టైం హై?" అంది.

"ఉంది. బోలెడుంది. ఏంది?" అన్నాడు భీమారావు. ఆమె మాట పూర్తయిందో లేదో కూడా చూసుకోలేదు.

పెట్టెల్లో ఉన్నవి టర్బోలు. ఇంజన్ వదిలే పొగతోనే ఒక బుల్లి ఫ్యాను తిప్పి, ఆ ఊపుతో ఇంజన్‌లోకి గాలి దండిగా కుక్కే సామాను అది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బండి రెచ్చిపోతుంది. ఈ కారు ఇంజన్‌కు కుడివైపొకటి, ఎడమవైపొకటి ఉంటాయి. ఉన్నవి తీసేసి, వాటికంటే పెద్దవి పెట్టాలని హరిప్రియ ఉబలాటం. గ్యారేజీకి ఇవ్వకుండా తన చేత్తో తనే చేసుకోవాలని ఇంకా పెద్ద ఉబలాటం. "కింద పార్కింగ్‌లో చేద్దాం. నేను చేస్తా. ఆప్ బస్ మేరే సాథ్ రహో, తోడుంటే చాలు" అంది.

ఆ రాత్రి భీమారావు సంతోషం పట్టలేకపోయాడు. మిలటరీ నుంచి తెచ్చుకున్న పానాల పెట్టె దించి ఒక్కొక్కటీ తుడిచాడు. "ధనమ్మా, పాప నన్నడిగింది" అన్నాడు. "విన్నాలే, నాలుగోసారి చెప్తన్నావు" అంది ఆమె. ఆయన లోపల అనుకున్నది మాత్రం ఆమెకు కూడా చెప్పలేదు. ఇది సవ్యంగా కుదిరితే పాప మళ్ళీ అడుగుతుంది. చెడిపోతే ఇక ఇంతే, ఇంకెప్పుడూ అడగదు.

పార్కింగ్‌లో పని అంటే ముందు మొదటి అంతస్తు లూథ్రా ఆంటీని ఒప్పించాలి. ఇంటివాళ్ళ సంఘానికి ఆవిడే సెక్రటరీ. పార్కింగ్ గోడ వెంట ఆవిడ డేలియా కుండీలు వరసగా ఉంటాయి. వాటి మీద ఈగ వాలినా ఆవిడకు పైనుంచి తెలిసిపోతుంది. "కరో భాయీసాబ్, లేకిన్ మేరే గమ్లే!" అని వేలు చూపించి మరీ అనుమతి ఇచ్చింది. మా కుండీల జోలికొచ్చారో, ఆ బండి ఇక్కడ ఉండదు అని దాని అర్థం.

బండి ముందు భాగాన్ని జాకీలతో ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టారు. ధనమ్మ కొత్త టర్బోలకు కుంకుమ బొట్టు పెట్టి, "నత్తగుల్లల్లా ఉన్నయ్, వీటికింత సంబరమా" అని పైకెళ్ళిపోయింది. పాత టర్బోల బోల్టులు వేడికి కాలీ కాలీ తుప్పు పట్టి మొండికేశాయి. హరిప్రియ ఫోనులో వీడియో ఆపి ఆపి చూస్తూ, "ఇందులో ఇతనికి రెండు నిమిషాల్లో వచ్చేసిందే" అని ఏడుపు మొహం పెట్టింది. భీమారావు నూనె పోసి, కాసేపు ఆగి, సుతారంగా అటూ ఇటూ ఆడించి, మళ్ళీ నూనె పోశాడు. ఒకటి ఊడింది, రెండోది ఊడింది, మూడోది టప్‌మని విరిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "వీడియోలో ఇది లేదా?" అని అడిగాడు భీమారావు. హరిప్రియకు నవ్వాగలేదు. విరిగిన ముక్క తీయడానికే ఆ ఆదివారమంతా పట్టింది, అయినా అంత మంచి ఆదివారం భీమారావు చాలా ఏళ్ళుగా ఎరగడు. ఆయన తెలుగులో చెప్పేవాడు, ఆమె హిందీలో బదులిచ్చేది, మధ్యలో పానా పేర్లన్నీ ఇంగ్లీషులో దొర్లేవి. ఎక్కడా అర్థం కాకపోవడమంటూ లేదు.

మధ్యలో వారం రోజులు ఆమె ఆఫీసుకు వెళ్తుంటే, ఈయన ఒక్కడే కూర్చొని అడ్డం వచ్చే వైర్లూ గొట్టాలూ ఊడదీసి పక్కన పెట్టాడు. మామూలు ప్రకారం అన్నిటికీ కాగితపు టేపు చుట్టి, నల్ల మార్కరుతో కుడి వాటికి 'ఎ', ఎడమ వాటికి 'దా' అని రాశాడు. చెయ్యి తన పని తను చేసుకుపోయింది, బుర్రతో దానికి పని పడలేదు.

తర్వాత బిగించడం. కొత్త టర్బోలు ఏ వైపువి ఆ వైపే కూర్చున్నాయి, వాటిని మార్చి పెడదామన్నా కుదరదు. గొట్టాలు కూడా అంతే, పొడుగూ పొట్టీ తేడా. చివరికి మిగిలినవి సెన్సారు ప్లగ్గులు. రెండు వైపుల పొగగొట్టాల్లోనూ ఒక్కో సెన్సారు ఉంటుంది. వచ్చే పొగలో మండని పెట్రోలు ఎక్కువుందా తక్కువుందా అని అది వాసన పట్టి బండిలోని కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు ఆ వైపుకు పెట్రోలు పెంచడమో తగ్గించడమో చేస్తుంది. ఈ రెండు ప్లగ్గులూ ఇంజన్ వెనకాల ఒకేచోట, ఇరుకు సందులో ఉన్నాయి. కవలపిల్లల్లా ఒకే పోలిక. భీమారావు చెయ్యి ఆ సందులో పట్టలేదు. హరిప్రియ పైనుంచి వంగి చెయ్యి దూర్చింది, ఈయన బండి కింద పడుకొని అడుగున బిగిస్తున్నాడు.

"ఎ ప్లగ్గు పెట్టావా పాపా?" అని కిందనుంచి అరిచాడు.

"లగా దియా పాపా!"

"దా ప్లగ్గు?"

"వో భీ!"

"రెండూ టిక్కుమన్నయ్యా?"

"హా పాపా, టిక్కుమన్నయ్!" అని ఆయన్నే వెక్కిరించింది. ఈయన కింద పడుకొనే మురిసిపోయాడు.

శనివారం మధ్యాహ్నం స్టార్ట్ చేశారు. మర్నాడే ట్రాక్ రోజు, పొద్దున్నే రావడానికి లారీ కూడా మాట్లాడి పెట్టుకుంది హరిప్రియ. ఆమె బటన్ నొక్కగానే బండి గుర్రుమని లేచింది. అబ్బో, ఆ శబ్దానికి పార్కింగ్ స్తంభాలు కూడా గుండె చిక్కబట్టుకున్నాయి! ధనమ్మ గారెల పళ్ళెంతో దిగింది. లూథ్రా ఆంటీ బాల్కనీలోంచి చప్పట్లు కొట్టింది. హరిప్రియ బండి దిగి పరుగున వచ్చి గ్రీజు చేతుల్తోనే తండ్రిని వాటేసుకుంది. భీమారావు గారె కొరికాడు గానీ మింగడం మర్చిపోయాడు.

ఆయన నోట్లో గారె ఉండగానే బండికి చలిజ్వరం పట్టుకుంది. కాసేపు బానే నడిచిన ఇంజన్ ఉన్నట్టుండి గడగడా వణికింది. ఒకవైపు గొట్టంలోంచి నల్లపొగ బుస్సుమని లేచి, సరిగ్గా లూథ్రా ఆంటీ ఆరేసిన తెల్ల దుప్పటి మీదకు పోయింది. పైనుంచి వినిపించిన పంజాబీ ఇక్కడ రాసేది కాదు.

హరిప్రియ ఫోనులో కంప్యూటరు చెప్పేది చూసి, ఎడమ పక్క పెట్రోలు చాలడం లేదు, కుడి పక్క ఎక్కువైపోతోంది అంది. సరే, ఎడమవైపు గాలి ఎక్కడైనా లీకవుతోందేమోనని ప్రతి కీలూ సబ్బునీళ్ళు పూసి చూశారు. ఎక్కడా ఒక్క బుడగ రాలేదు. మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ అదే తంతు. ముందు కాసేపు బుద్ధిమంతురాలు, ఆ తర్వాత పూనకం. వణుకు అంతకంతకూ పెరిగింది తప్ప తగ్గలేదు. ఎండ వాలుతున్న కొద్దీ ఇద్దరికీ ఓపిక కూడా వాలిపోయింది.

"ఆ కొత్త సామాన్లదే తేడా. ఉన్నవి చక్కగా పనిచేస్తంటే మార్చడం ఎందుకంట?" అనేశాడు భీమారావు. అనగానే నాలుక కరుచుకున్నాడు గానీ మాట అప్పటికే దాటిపోయింది.

"మీకు మొదట్నుంచీ ఇష్టం లేదు, ముందే చెప్పాల్సింది, బోల్ దేతే!" అంది హరిప్రియ. గోడవైపు తిరిగి ఓఖ్లాలో ఏదో గ్యారేజీకి ఫోను చేసింది. ఆ తర్వాత లారీ అతనికి చేసి, రేపు పొద్దున కాదు, ఇప్పుడే వచ్చి బండిని గ్యారేజీకి తీసుకెళ్ళమని చెప్పింది. ట్రాక్ లేదు, ఏమీ లేదు.

భీమారావు పానాల పెట్టె మీద కూలబడ్డాడు. ధనమ్మ వచ్చి టీ గ్లాసు చేతిలో పెట్టి, "ఏందయ్యా, పిల్ల గ్యారేజీకి పంపిస్తందంట?" అంది. "పంపనీ" అన్నాడు. బండి పోతే పోయింది. ఆ పిల్ల మళ్ళీ ఫోనులో వీడియోలు చూసుకుంటుంది, లేకపోతే గ్యారేజీవాళ్ళను అడుగుతుంది. ఇంట్లో తండ్రి ఒకడున్నాడని మాత్రం ఇంకెప్పుడూ అడగదు. టీ చల్లారిపోయినా గ్లాసు చేతిలోనే ఉంది.

లారీ వచ్చి గేటు బయట ఆగింది. పార్కింగ్ లోపలికి అది పట్టదు, కారును వెనక్కి నడిపి తీసుకురావాలి. హరిప్రియ స్టీరింగ్ ముందు కూర్చుంది. భీమారావు వెనకాల నిలబడ్డాడు. ఎవరి బండి వెనక్కి వస్తున్నా చేతులూపుతూ దారి చూపించడం ఆయనకు ఒంట్లో ఉన్న విద్య. "ఆనే దో, ఆనే దో, బస్ బస్, థోడా ఔర్" అని మిలటరీ హిందీలో చక్కగానే మొదలుపెట్టాడు. బండి వణుక్కుంటూ, కుంటుకుంటూ వస్తోంది. ఉన్నట్టుండి ఒక్క ఊపు ఊపి బుర్రున వెనక్కి దూకింది. ఎడమ గోడ పక్కన డేలియా కుండీలు. భీమారావుకు హిందీ అంతా ఎగిరిపోయింది.

"ఎలపటికి! ఎలపటికి తిప్పవే, ఎలపటికి!" అని గావుకేక పెట్టాడు.

హరిప్రియ ఏమాత్రం ఆలోచించకుండా స్టీరింగ్ ఎడమకు కోసింది. బండి వెనక భాగం సూటిగా వెళ్ళి మొదటి కుండీని పొడిచింది. కుండీ ఫట్‌మని పగిలి, ఎర్రటి డేలియా పువ్వు బంపరు మీద తలవాల్చింది.

"ఎలపటికి అంటే దాపటికి తిప్పుతావేంది!" అని భీమారావు నెత్తి కొట్టుకున్నాడు.

హరిప్రియ తలుపు తీసుకొని దూకింది. "ఆప్నే హీ తో బోలా! ఎల... ఎలపట! ఎడమ!"

"ఎలపట అంటే ఎడమెట్టా అవద్ది? ఎలపట అంటే కుడి!"

"కుడి అంటే రైట్. ఎలపట అంటే లెఫ్ట్. ఎ, ఎడమ!"

"ఎవరు చెప్పారే నీకు? ఎలపటెద్దు కుడి, దాపటెద్దు ఎడమ. మీ తాతనడిగినా అదే చెప్తాడు!"

హరిప్రియ ఇంకేదో అనబోయి ఆగిపోయింది. కారు ఇంజన్ వైపు చూసింది, తండ్రి వంక చూసింది. గొంతు తగ్గించి, "పాపా, వో టేప్ పే... ఆ ప్లగ్గు మీద ఎ అని రాశారే, అది?" అంది.

"ఎలపట."

"మతలబ్, రైట్?"

"రైటే."

"ఔర్ దా?"

"దాపట. ఎడమ."

"పాపా!" అని రెండు చేతులూ తలమీద పెట్టుకుంది. "అమ్మ నేర్పింది కదా అక్షరాలు! నాకు చదవడం వచ్చిందని కిత్‌నీ ఖుష్ థీ మై! ఎ అంటే ఎడమ అనుకున్నా. దా అంటే... దా అంటే దాయా! రైట్!"

భీమారావుకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. సగం తెలుగులో, సగం హిందీలో చదివింది పిల్ల. రెండూ కలిసి రెండు ప్లగ్గుల్నీ తారుమారు చేశాయి. దా అనగానే తను దాపటకు తిరిగాడు. దా అనగానే ఇది దాయాకు తిరిగింది. సికింద్రాబాదు గ్రౌండులో ఉస్తాదు మొహం కళ్ళముందు కట్టినట్టు కనబడింది. భీమారావుకు పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వీ నవ్వీ కాళ్ళు నిలవక ఆ పగిలిన కుండీ మట్టిలోనే చతికిలబడ్డాడు. "నువ్వు నా కూతురివేనే! అచ్చంగా నా కూతురివే!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

ధనమ్మ పరుగున దిగొచ్చి, మొగుడు మట్టిలో కూర్చొని నవ్వడం చూసి హడలిపోయింది. ఉల్టారావు కథ హరిప్రియ అప్పటిదాకా వినలేదు. తల్లి చెబుతుంటే విని, బంపరుకు ఆనుకొని ఆ పిల్లా పడి పడి నవ్వింది. సంగతంతా తెలిశాక ధనమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "అంటే పెద్దోడు ఆకలన్నప్పుడల్లా చిన్నోడికి తినిపించారన్న మాట. వాడు కక్కక ఏం చేస్తాడు?" నల్లపొగ సంగతి అంతకంటే తేలిగ్గా ఆ క్లబ్బులో ఎవరూ చెప్పలేరు.

ఇంజన్ కాస్త చల్లారనిచ్చి, హరిప్రియ చేతికి తడిగుడ్డ చుట్టుకొని సందులో దూర్చింది. భీమారావు పక్కనే నిలబడి టార్చి పట్టాడు. ఈసారి ఎ, దా అనే మాటే ఎత్తలేదు, వేలుపెట్టి చూపించాడు. టిక్కు, టిక్కు. కంప్యూటరులో పాత తప్పులన్నీ చెరిపేసి స్టార్ట్ చేసింది. ఇంజన్ వేడెక్కింది. ఇందాక వణుకు మొదలైన సమయం వచ్చింది, దాటింది. బండి నిమ్మళంగా గురగురలాడుతూనే ఉంది. లారీ డ్రైవరు విసుగొచ్చి, "మేడం, ఓఖ్లా జానా హై కి నహీ?" అని గేటు దగ్గర్నుంచి అడిగాడు. "నహీ భయ్యా! కల్ సుబహ్ ఆనా. గ్రేటర్ నోయిడా!" అని హరిప్రియ అరిచిన అరుపు వీధి చివరిదాకా వినిపించింది.

సరిగ్గా అప్పుడే లూథ్రా ఆంటీ బజారు నుంచి సంచీలతో వచ్చింది. పగిలిన కుండీ చూసింది. మొహం కందగడ్డయింది.

"కిస్నే తోడా?" అంది.

"పాపా నే" అని హరిప్రియ తండ్రిని చూపించింది.

"పాప" అని భీమారావు కూతుర్ని చూపించాడు.

ఆంటీ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇద్దరికీ శిక్ష వేసింది. డేలియాను కొత్త కుండీలో నాటాలి, దుప్పటి ఉతికి ఇవ్వాలి. ధనమ్మ గారెల పళ్ళెం ముందుకు చాపాక దుప్పటి శిక్ష రద్దయింది.

ఆ రాత్రి పడుకోబోయే ముందు హరిప్రియ మామూలుగా, పెద్ద విశేషమేమీ కానట్టు, "పాపా, కల్ ఆప్ భీ చలోగే నా?" అంది. భీమారావు మిలటరీలో కూడా అంత తొందరగా పొద్దున తయారవలేదు.

ట్రాక్ దగ్గర గోలంటే గోల కాదు. బండ్ల రొద, రబ్బరు కాలిన వాసన, హెల్మెట్లు పెట్టుకొని అటూ ఇటూ పరుగులు తీసే జనం. వెండి కారు మలుపు తిరిగి ఎదురుగా దూసుకుపోయినప్పుడల్లా భీమారావు లేచి నిలబడి, ఎవరూ అడక్కపోయినా పక్కవాళ్ళకు "మేరీ బేటీ" అని చెప్పాడు. ఇంజన్ గొంతులో ఎక్కడా జీర లేదు. రెండు టర్బోలూ జోడెద్దుల్లా కలిసి లాగుతున్నాయి.

కొన్ని చుట్లయ్యాక కారు సర్రున వచ్చి ఆయన ముందు ఆగింది. హరిప్రియ అద్దం దించి, హెల్మెట్లోంచే గొంతు చించుకొని అరిచింది.

"పాపా! దాపట టైరు దేఖో నా! గాలి కమ్ లగ్ రహీ హై!"

పక్కనే గాలిపంపు గేజీ పట్టుకొని నిలబడ్డ క్లబ్బు మనిషి, "కౌన్సా టైర్?" అని బిక్కమొహం వేశాడు. భీమారావు అతని చేతిలోంచి గేజీ లాక్కొని అప్పటికే ఎడమవైపుకు వెళ్ళి కూర్చున్నాడు. గాలి చూస్తుంటే ఆయనకు గేజీ మీద అంకెలు మసకగా కనిపించాయి. చొక్కా చేత్తో కళ్ళు ఒత్తుకొని మళ్ళీ చూశాడు.

"ఔర్ సునో పాపా," అంది హరిప్రియ కిటికీలోంచి తల బయటపెట్టి, "నెక్స్ట్ మంత్ బ్రేకులు మార్చాలి. టైం హై నా?"

"చూసి చెప్తాలే. నాకూ సవాలక్ష పనులుంటయ్" అన్నాడు భీమారావు, టైరుకు గాలి పడుతూ.